గొంతులు ఆగిన తర్వాత: మా తమ్ముడు వెళ్తున్న డే కేర్ సెంటర్ గురించి

ఇంట్లో స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి ఉండి, ‘మందులు పనిచేశాయి, గొంతులు వినపడటం లేదంటున్నాడు, అనుమానాలూ తగ్గాయి, మరి మంచం ఎందుకు దిగడం లేదు?’ అని మథనపడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా తమ్ముడు ఏడాదికి పైగా వెళ్తున్న డే కేర్ సెంటర్ విజయవాడలోనే ఉంది. అక్కడికి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఈ సంగతి దగ్గరి చుట్టాలకి కూడా చెప్పుకోలేదు. అందుకని పేరు, వీధి రాయడం లేదు. మీ ఊళ్ళో ఇలాంటి చోటు వెతుక్కుంటున్నప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో తెలుస్తుంది కదా, అది చాలు. ముందే చెప్పేస్తాను: చేర్చడం మంచిదే అయింది. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా వివరంగానే రాస్తాను.

వాడికిప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో జబ్బు బయటపడింది. పక్కింటివాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫ్యాను చప్పుడులో ఎవరో తిడుతున్నారని అనేవాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ హడలిపోయాం, ఆసుపత్రికి పరుగెత్తాం. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలల్లో అవన్నీ తగ్గాయి. గండం గడిచిందనుకున్నారు మా వాళ్ళు. ఆ తర్వాత ఏళ్ళు ఎలా గడిచాయంటే, పొద్దున పదిన్నరకి లేస్తాడు. లేచి మంచం మీదే కూర్చుంటాడు. అమ్మ ‘మొహం కడుక్కో నాన్నా’ అంటే కడుక్కుంటాడు, అనకపోతే మధ్యాహ్నం దాకా అలాగే. అమ్మ అడిగి విప్పించి ఉతికితేనే చొక్కా మారుతుంది. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి రోజుల తరబడి పడి ఉన్నా పట్టదు. ఒకప్పుడు మ్యాచ్ ఉంటే అన్నం కూడా టీవీ ముందే తినేవాడు. ఇప్పుడు కూర్చోబెడితే కూర్చుంటాడు, మనవాళ్ళు గెలిచినా ఓడినా మొహం ఒకటే. ‘ఊ’, ‘ఏమో’, ‘సర్లే’ అనే మాటలతోనే రోజంతా గడిచిపోతుంది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి, మేడ మీద గదిలో ఒక్కడే కూర్చున్నాడు. అరుపులు లేవు, గొడవ లేదు కాబట్టి బాగానే ఉన్నాడని చుట్టాలందరూ అనుకున్నారు. ‘ఒళ్ళు వంచడం లేదంతే, పెళ్ళి చేస్తే దారికొస్తాడు’ అని మా మేనమామ సలహా.

డాక్టర్లు వీటిని నెగటివ్ లక్షణాలంటారు. లేని గొంతులు వినపడటం, లేనిపోని నమ్మకాలు కలగడం జబ్బు వల్ల కొత్తగా వచ్చి చేరేవి. నెగటివ్ లక్షణాలంటే మనిషిలో మామూలుగా ఉండాల్సినవి తరిగిపోవడం. 2005లో అమెరికాలో నిపుణులంతా కూర్చుని వీటిని ఐదుగా గుర్తించారు: మొహంలో, గొంతులో భావం పలకకపోవడం, మాట తగ్గిపోవడం, ఏ పనికీ చొరవ రాకపోవడం, సంతోషం అనిపించకపోవడం, నలుగురిలో కలవాలన్న కోరిక పోవడం. ప్రపంచంలో దాదాపు 300-350 మందిలో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన సందులో, మన అపార్ట్‌మెంట్లో కూడా ఒకరు ఉంటారు. గట్టిగా అరిచే మనిషిని అందరూ చూస్తారు కానీ, గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి సాయం కావాలని ఎవరికీ తోచదు. చదువు, ఉద్యోగం, పెళ్ళి, స్నేహాలు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ఈ రెండో రకం వల్లే.

ఇక సెంటర్ సంగతి. మొదటి రోజు వాడిని కూర్చోబెట్టి మాట్లాడిన తీరు చూశాకే నాకు గురి కుదిరింది. అంతకు ముందు ఇంకో చోటికి వెళ్ళాం, అక్కడ ఫారం నింపించుకుని, ఫీజు చెప్పి, ‘రేపటి నుంచి పంపండి, మేం యాక్టివ్ చేస్తాం’ అన్నారు. ఇక్కడ అలా కాదు. వారానికోసారి వచ్చే సైకియాట్రిస్టు మేడమ్ ముందు మందుల చీటీలన్నీ వరసగా పెట్టించుకుని చూశారు. తర్వాత వాడి మణికట్టు పట్టుకుని, మోచేయి మెల్లగా వంచి, చాచి చూశారు. వరండాలో ఆ చివరి దాకా నడిచి రమ్మన్నారు. ‘నడిచేటప్పుడు చేతులు ఊపడం లేదు, ఎప్పటి నుంచమ్మా ఇలా?’ అని అమ్మని అడిగారు. నిద్రలో దిండు తడుస్తోందా అనడిగారు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. తడుస్తుంది, అమ్మ రోజూ దిండు గలీబు మారుస్తుంది.

ఆవిడ చెప్పింది మీకూ పనికొస్తుంది. మనిషి బిగుసుకుపోయి, మాటా పలుకూ లేకుండా ఉన్నాడంటే దానికి చాలా దారులున్నాయి. కొన్ని మందులు, ముఖ్యంగా పాతకాలం మందులు, ఎక్కువ డోసులో ఇచ్చినప్పుడు పార్కిన్సన్ జబ్బులో లాగా ఒళ్ళు, మొహం బిగుసుకుపోతాయి. అది మందు ప్రభావం. డిప్రెషన్ ఉన్నా మనిషి మంచం దిగడు, కానీ డిప్రెషన్‌లో ఉన్నవాడికి దిగులు, తప్పు చేశానన్న బాధ, చావు ఆలోచనలు ఉంటాయి, దాని చికిత్స వేరు. గొంతులు ఇంకా లోపల వినపడుతూనే ఉండి, ‘బయటికెళ్తే చంపేస్తారు’ అని చెబుతుంటే గది దాటడు, అది భయం. ఏళ్ళ తరబడి ఇంట్లో చేయడానికి పనే లేకుండా కూర్చుంటే ఎవరైనా మొద్దుబారిపోతారు. ఇవన్నీ ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టాక మిగిలేదే అసలు జబ్బు నుంచి వచ్చిన నెగటివ్ లక్షణం. పైన చెప్పిన మిగతా కారణాల్లో చాలావరకు సరిచేయగలిగేవే కాబట్టి ముందు వాటి పని చూడాలన్నారు.

వాడిని చూసే డాక్టర్‌కి ఒక ఉత్తరం రాసిచ్చారు. ఆయన చదివి, ఒక పాత మందు డోసు కొన్ని వారాల మీద మెల్లగా తగ్గించారు. రెండు నెలలకి చేతులు ఊపుతూ నడవడం మొదలుపెట్టాడు. మొహంలో బిగుతు కొంచెం సడలింది, దిండు తడవడం తగ్గింది. మాట మాత్రం పెరగలేదు, చొరవా రాలేదు. అంటే మందు వాటా ఎంతో, జబ్బు వాటా ఎంతో మాకు మొదటిసారి విడివిడిగా కనిపించింది. ఇది చదివి ఎవరూ సొంతంగా డోసు తగ్గించకండి. అలా ఆపేసిన ఒక కుర్రాడు మళ్ళీ ఆసుపత్రిలో చేరడం ఈ సెంటర్లోనే చూశాను.

మందుల గురించి ఇంకొక్క మాట. ‘ఈ నీరసానికి ఏదైనా కొత్త మందు రాయండి’ అని నాన్న అడిగారు. గొంతులకీ అనుమానాలకీ పనిచేసినంత బాగా ఈ లక్షణాలకి ఏ మందూ పనిచేయదని మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పారు. కారిప్రజైన్ అనే మందు రిస్పెరిడోన్ కన్నా కొంత మెరుగ్గా పనిచేసిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, కొందరికి తక్కువ డోసు అమిసల్ప్రైడ్ ఇస్తారు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. మిగతా బరువంతా మోయాల్సింది రోజువారీ అలవాట్లు, మనుషులు, పని. అందుకే ఇలాంటి సెంటర్లు కావాలి.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉంటుంది. రాగానే హాజరు పుస్తకంలో ఎవరి పేరు వాళ్ళే రాసుకోవాలి. తర్వాత పేపర్ చదవడం. ఒక్కొక్కరూ ఒక వార్త చెప్పాలి, హెడ్డింగ్ ఒక్కటి చదివినా సరే. ఆ తర్వాత పనులు: మందుల షాపులకి కాగితపు కవర్లు అంటించడం, చిరుధాన్యాలు తూచి ప్యాకెట్లు కట్టడం, డాబా మీద కుండీల్లో మొక్కలు. మధ్యాహ్నం భోజనం, కాసేపు క్యారమ్స్, మూడింటికి టీ. వారంలో ఒక రోజు ఇద్దరు ముగ్గురిని కాళేశ్వరరావు మార్కెట్‌కి తీసుకెళ్ళి కూరగాయలు కొనిపిస్తారు. ధర అడగడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, కళ్ళలోకి చూసి మాట్లాడటం ముందు రోజే సెంటర్లో నేర్పి, తర్వాత నిజం షాపులో చేయిస్తారు.

టీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ టీ పెట్టేది సిబ్బంది కాదు, వచ్చేవాళ్ళే వంతుల వారీగా పెడతారు. మావాడి మొదటి వంతుకి ఒకటే పని ఇచ్చారు: గ్లాసులు ట్రేలో పేర్చడం. చాలా వారాలు అదే. ‘ఇంజనీరింగ్ చదివినవాడికి గ్లాసులు పేర్చే పనా’ అని నాన్న నొచ్చుకున్నారు. అది అయ్యాక పంచదార వేయడం, తర్వాత పాలు కాచడం, తర్వాత మొత్తం టీ. ఒక మెట్టు తడబడకుండా వచ్చేదాకా రెండో మెట్టు ఇవ్వరు, వచ్చాక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరు. అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పేవాడు, అందరూ ‘అన్నా’ అని పిలిచే కుర్రాడు, నాతో అన్నది రాస్తాను: “చేయగలడా అని కాదండీ చూసేది, మొదలుపెట్టగలడా అని. వీళ్ళకి కష్టం మొదలుపెట్టడంలోనే ఉంటుంది.”

నాకు బాగా నచ్చినది, మిగతా చోట్ల చూడనిది, వాళ్ళ చీటీల పద్ధతి. ఏ పనికైనా ముందు ఒక చిన్న కాగితం ఇస్తారు. ‘ఇది ఎంత బాగుంటుందనుకుంటున్నావు?’ సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయాలి. పని అయ్యాక అదే కాగితం వెనక వైపు ‘ఎంత బాగుంది?’ అని ఇంకో అంకె. మావాడు మార్కెట్‌కి వెళ్ళే ముందు ఒకటి వేస్తాడు, వచ్చాక ఆరు వేస్తాడు. క్యారమ్స్‌కి ముందు సున్నా, తర్వాత ఐదు. కొన్ని నెలల చీటీలు కూడబెట్టి, ఒక రోజు వాటన్నిటినీ బల్ల మీద పరిచి వాడికే చూపించారు. నేనూ పక్కనే ఉన్నాను. చాలాసేపు చూసి, “వెళ్తే బానే ఉంటుందక్కా. వెళ్ళాలనిపించదు” అన్నాడు. పదేళ్ళలో వాడు నాతో చెప్పిన వాటిలో అంత పొడుగు మాట ఇదే అనుకుంటాను.

దీని వెనక పరిశోధన ఉంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకి సంతోషమే తెలియదని ఒకప్పుడు అనుకునేవారు. ఆన్ క్రింగ్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించి చెప్పిందేమిటంటే, నచ్చిన తిండి తింటున్నప్పుడు, మంచి పాట వింటున్నప్పుడు వాళ్ళలో చాలామందికి ఆ క్షణంలో సంతోషం మనకి లాగానే కలుగుతుంది. లోటు ఎక్కువగా ముందుచూపులో ఉంది: ఇది బాగుంటుందని ముందుగా అనిపించదు. మనల్ని పొద్దున్నే మంచం దింపేది ఆ ‘బాగుంటుంది’ అన్న ఊహే. అది పుట్టనివాడికి బోధలు చేసి, తిట్టి, ‘మనసు పెట్టు’ అని ఏం ప్రయోజనం? అందుకని సెంటర్‌లో ఆ ఊహ పని కాగితానికి అప్పజెప్పారు. ఇప్పుడు మావాడి జేబులో నాలుగు చీటీలు ఉంటాయి. వెళ్ళాలనిపించని రోజు అవి తీసి చూసుకుంటాడు. చూసుకున్నా కొన్ని రోజులు వెళ్ళడు. చాలా రోజులు వెళ్తాడు.

నెలకో శనివారం ఇంటివాళ్ళ మీటింగ్ ఉంటుంది. మా ఇంట్లో ఎక్కువ మారింది దీనివల్లే. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ ఎక్కిన మనిషికి, ఆరోగ్యంగా కనిపించే కొడుకు పదిన్నర దాకా పడుకోవడం చూస్తే కడుపు మండేది. గొంతులు వినపడినప్పుడు ‘జబ్బు’ అని సానుభూతి చూపించిన మనిషే, ఇప్పుడు ‘బద్ధకం’ అని అరిచేవారు. ఇది మా ఇంట్లోనే కాదట, ప్రపంచమంతటా కుటుంబాలు ఎక్కువగా విసుక్కునేది ఈ లక్షణాల మీదే. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన మగవాళ్ళని గమనించారు. తల్లిదండ్రుల దగ్గరికో, భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళకి, అద్దె గదులకి వెళ్ళినవాళ్ళ కన్నా ఎక్కువగా జబ్బు తిరగబెట్టింది. తర్వాత జరిగిన పనిలో తేలింది: ఇంట్లో అదేపనిగా వినపడే విమర్శ, ద్వేషం, మితిమీరిన జోక్యం ఉన్నచోట ఆ ప్రమాదం పెరుగుతుంది. ఈ మాట మీటింగ్‌లో చెప్పేటప్పుడు కౌన్సెలర్ గారు తల్లిదండ్రుల మీద నేరం మోపలేదు. ‘జబ్బు మీ వల్ల రాలేదు. కానీ మీ గొంతు తగ్గితే వాడికి తేలికవుతుంది’ అన్నారు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చే దాకా ఏమీ మాట్లాడలేదు.

వాళ్ళు నేర్పిన పద్ధతి సులువే. ‘ఎప్పుడూ పడుకునే ఉంటావేం’ అనే బదులు, చేయాల్సిన పని ఒక్కటి, టైముతో సహా చెప్పాలి: ‘ఎనిమిదింటికి పాల ప్యాకెట్ తెచ్చిపెట్టు.’ చేస్తే అప్పుడే ఒక మెచ్చుకోలు మాట అనాలి, చేయకపోతే ఊరుకోవాలి. రెండు పనులు కలిపి చెప్పకూడదు. జవాబు కోసం ఆగాలి. మనం ప్రశ్న అడిగి, వాడు నోరు తెరిచేలోపే మనమే జవాబు కూడా చెప్పేస్తుంటాం. వాడికి మాట కూడగట్టుకోవడానికి టైము పడుతుంది. ఇది అమ్మకి అలవాటవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు లోపాలు.

సెంటర్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. ఇలాంటి మందుల వల్ల బరువు పెరిగినవాళ్ళు, షుగర్ వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. పైన రేకుల షెడ్డు ఉన్న గదిలోనే కవర్ల పని. మే నెలలో విజయవాడ ఎండలో ఆ గదిలో కూర్చోవడం ఎవరి వల్లా కాదు. రెండు వేసవులుగా ‘కూలర్ పెట్టిస్తాం’ అంటూనే ఉన్నారు. ఆడవాళ్ళు చాలా తక్కువమంది వస్తారు. వాళ్ళకి విడిగా టాయిలెట్ లేకపోవడం, వ్యాన్ లేకపోవడం అందుకు కారణాలని నా నమ్మకం. ఇంట్లో నోరెత్తకుండా అంట్లు తోముకుంటూ ఉండే అమ్మాయికి ఇలాంటి జబ్బుందని గుర్తించేవాళ్ళే తక్కువ. గుర్తించి తీసుకొస్తే ఇక్కడ ఆమెకి సదుపాయం లేకపోతే ఎలా?

అంతకన్నా పెద్ద లోపం కవర్ల ఆర్డర్లు వచ్చినప్పుడు కనిపిస్తుంది. షాపుల నుంచి పెద్ద ఆర్డర్ వస్తే ఆ వారం టీ వంతులు, పేపర్ చదవడం, మార్కెట్ అన్నీ ఆగిపోతాయి. చకచకా అంటించేవాళ్ళని బల్ల ముందు కూర్చోబెడతారు. మావాడి లాంటి నెమ్మదస్తులు గోడ పక్కన కుర్చీలో మిగిలిపోతారు, ఎవరూ పలకరించరు. ఇలాంటి మనిషిని ఎవరూ పిలవకపోతే తనంతట తాను వచ్చి కూర్చోడు, జబ్బే అది. వాళ్ళని మరిచిపోవడం చాలా తేలిక, అల్లరి చేయరు కాబట్టి. ఇది సెంటర్ పెద్దావిడకి నేను స్వయంగా చెప్పాను. ఆర్డర్ డబ్బుతోనే అద్దె కడుతున్నామని ఆవిడ అన్నారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమైంది, అయినా దీన్ని ఒప్పుకోలేను. పని చేసినందుకు నెలాఖరున చేతికి కొంత డబ్బు ఇస్తారు. అది మంచిదే, మావాడు దాంతో అమ్మకి మల్లెపూలు తెచ్చాడు. కానీ ఎవరికి ఎంత, ఏ లెక్కన ఇస్తున్నారో కాగితం మీద రాసివ్వాలి. అది లేదు.

సిబ్బంది మారిపోవడం ఇంకో సమస్య. మావాడితో మొదటి నుంచి ఉన్న సైకాలజిస్ట్ అమ్మాయి ఒక సోమవారం నుంచి రాలేదు. ఉద్యోగం మానేసిందని మాకు తర్వాత తెలిసింది. ఒక మనిషికి అలవాటుపడటానికి వాడికి ఎన్ని నెలలు పట్టిందో అక్కడివాళ్ళకి తెలియనిది కాదు. వెళ్ళేముందు కొత్తవాళ్ళని పక్కన కూర్చోబెట్టి ఒక వారం పరిచయం చేసి ఉండాల్సింది. ఆ నెల వాడు సగం రోజులు ఇంట్లోనే ఉన్నాడు.

నెలవారీ రిపోర్టు కూడా పనికిరానిది. ‘సహకరించాడు’, ‘మెరుగుపడుతున్నాడు’ అని టిక్కులు. ఈ నెల ఎన్నిసార్లు తనంతట తాను మాట మొదలుపెట్టాడు? చెప్పకుండానే ఏ పని చేశాడు? మాకు కావలసినవి అవి. చీటీల్లో అంత సమాచారం పోగుచేసే చోట రిపోర్టు ఇంత పొడిగా ఎందుకుండాలి?

గేటు దగ్గర బ్యానర్ మీద ‘మానసిక వ్యాధులకు సంపూర్ణ పరిష్కారం’ అని ఉంది. లోపల డాక్టర్ మేడమ్ అంత నిజాయితీగా మాట్లాడుతుంటే బయట ఈ మాట దేనికి? ఆశతో వచ్చినవాళ్ళు మూడు నెలల్లో నిరాశపడి మానేస్తున్నారు. అలాగే సంక్రాంతి ముగ్గుల రోజు ఫోటోలు ఎవరినీ అడగకుండా ఫేస్‌బుక్‌లో పెట్టారు. చికిత్స తీసుకుంటున్న మనిషి ఫోటో అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చెప్పిన వెంటనే తీసేశారు, ఇప్పుడు సంతకం తీసుకుంటున్నారు. ఆ మాత్రం వినే గుణం ఉంది వాళ్ళకి.

డబ్బు సంగతి: భోజనంతో కలిపి నెలకి 6,500 తీసుకుంటున్నారు. నాన్న పెన్షన్ మీద బతికే ఇంటికి ఇది తక్కువేం కాదు. మాకు ఊరట ఇచ్చింది వికలాంగుల సర్టిఫికెట్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక వ్యాధి కూడా ఉంది. 40 శాతం, ఆ పైన ఉంటే సదరం సర్టిఫికెట్ మీద పెన్షన్‌కి అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది నెలకి 6,000. శాతం లెక్కకట్టడానికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన శుభ్రత తాను చూసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని, ఈ నాలుగింటికీ మార్కులు వేసి, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో కలుపుతారు. నెగటివ్ లక్షణాలు ఉన్నవాళ్ళ నష్టమంతా సరిగ్గా ఈ నాలుగింటిలోనే ఉంటుంది. కానీ మనిషిని నేరుగా అడిగితే నష్టం కనపడదు. ‘స్నానం చేస్తావా?’ అంటే ‘ఊ’ అంటాడు. ‘పని చేస్తావా?’ అంటే ‘ఊ’ అంటాడు. నెమ్మదిగా, మర్యాదగా కూర్చుంటాడు. అందుకని సెంటర్ వాళ్ళు ఏ పని చెబితే చేస్తాడు, ఏది చెప్పినా చేయడు అని రోజువారీ వివరాలతో రెండు పేజీలు రాసిచ్చారు. అమ్మని కూడా తోడు వెళ్ళి మాట్లాడమన్నారు. ఆ కాగితం లేకపోతే మాకు సర్టిఫికెట్ వచ్చేది కాదనే అనుకుంటున్నాను. ఇంత కష్టపడి రాసిచ్చినందుకు పైసా తీసుకోలేదు.

ఇలాంటి చోట్లు మన దగ్గర మరీ తక్కువ. చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ గారు 1984లోనే స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళ కోసం స్కార్ఫ్ అనే సంస్థ స్థాపించారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ స్థాయిలో ఊరికొకటి కాదు కదా, జిల్లాకొకటి ఉన్నా ఎన్నో ఇళ్ళు తేరుకుంటాయి. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాలు ఉంటే, వాటిలో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. మన లెక్కే తీయకపోతే మన అవసరం ఎవరికి తెలుస్తుంది? సెంటర్ దొరకనివాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ జిల్లాలో ప్రభుత్వ సైకియాట్రిస్టు ఏ రోజు, ఎక్కడ ఉంటారో అక్కడ అడగండి.

మావాడు ఇప్పుడెలా ఉన్నాడంటే, పొద్దున ఎనిమిదిన్నరకి లేస్తున్నాడు. సెంటర్ ఉన్న రోజు చెప్పకుండానే స్నానం చేస్తాడు, ఆదివారం చెప్పాలి. ఇంట్లో సాయంత్రం టీ వాడే పెడుతున్నాడు. మొహంలో నవ్వు ఇంకా అరుదు, కానీ నవ్వకపోయినా వాడికి బాగుందో లేదో ఇప్పుడు అడిగి తెలుసుకుంటున్నాం. మొహం చూసి తీర్పు చెప్పడం మానేశాం. ఉద్యోగం లేదు. స్నేహితుడు ఒకడు ఉన్నాడు, సెంటర్లో వాడి పక్కన కూర్చునే నందిగామ అబ్బాయి. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు, కలిసి ప్యాకెట్లు తూస్తారు. ఆ అబ్బాయి రాని రోజు ‘ఇవాళ వాడు రాలేదు’ అని ఇంటికొచ్చి చెబుతాడు. మూడు నెలలు చూసి తేల్చేసే పని కాదిది. ఏడాదికి తక్కువ కాకుండా ఓపిక పట్టగలిగితేనే చేర్చండి.

గొంతులు ఇంకా బలంగా వినపడుతున్నవాళ్ళకి, మందులు వేసుకోనంటున్నవాళ్ళకి, తాగుడు అలవాటున్నవాళ్ళకి ఈ సెంటర్ సరిపడదు, సెంటర్ వాళ్ళే అలాంటివాళ్ళని ముందు ఆసుపత్రికి పంపిస్తారు. మిగతావాళ్ళు వెళ్ళేటప్పుడు పాత మందుల చీటీలు, ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు, ఈ మధ్య చేయించిన షుగర్ రిపోర్టు పట్టుకెళ్ళండి. చేర్చే ముందు ఒక పూట మీరే వెళ్ళి కూర్చుని చూస్తామని అడగండి, ఒప్పుకుంటారు. ఆ పూట బల్ల ముందు ఉన్నవాళ్ళని కాకుండా గోడ పక్కన కూర్చున్నవాళ్ళని చూడండి, వాళ్ళ దగ్గరికి ఎవరు ఎన్నిసార్లు వస్తున్నారో లెక్కపెట్టండి. సైకియాట్రిస్టు మేడమ్ గురువారం మధ్యాహ్నం ఉంటారు, ఆ టైముకి ముందుగా ఫోన్ చేసి పేరు రాయించుకుని వెళ్తే ఎక్కువసేపు మాట్లాడతారు.